ఉచిత సీడీ మింగిన ఉగాది సంచిక

ఒక్క సీడీతో అరవై పేజీల తెలుగును నామరూపాల్లేకుండా చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుడు నేనే. నవ్వుకోండి, నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అప్పట్లో దేశ రాజధాని పక్కన ఇందిరాపురంలో ఉండేవాళ్లం. మా తెలుగు సంఘం ఉగాది సంచిక టైపు చేసే పని మా ఆవిడ సుజాత నెత్తినేసుకుంది. సంపాదకులు శాస్త్రిగారు నగరం ఆ చివరనున్న ద్వారక నుంచి ఫ్లాపీలో తెలుగు ఫాంటు తెచ్చి మా కంప్యూటర్లో వేయించారు. రెండు నెలలు వంటింటికీ కీబోర్డుకీ మధ్య తిరిగి సుజాత పని పూర్తి చేసింది. చివర్లో తన కథ కూడా చేర్చింది. జీవితంలో మొదటి కథ. కాగితం మీద పెట్టకుండా తిన్నగా టైపు చేసేసింది. "అచ్చయ్యాకే చదవండి" అని నాకు చూపించలేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు మిత్రుడొకడు లినక్స్ సీడీ ఇచ్చాడు. ఉచితమట! ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగే రకాన్ని, ఆపరేటింగ్ సిస్టమ్ వదులుతానా?

"ఏవండీ, సోమవారం సంచిక ప్రెస్సుకెళ్లాలి. ఇప్పుడెందుకండీ ఇది?"

"నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నోయ్! నీ ఫైళ్లన్నీ వేరే సీడీలో దాచాను. ఒక్క అక్షరం పోదు."

ఫైళ్లు దాచాను, నిజమే. తెలుగు అక్షరాలు చూపించే ఫాంటు దాచాలని తట్టలేదు. బియ్యం, పప్పు, గిన్నెలు సర్దుకుని అగ్గిపెట్టె లేకుండా వనభోజనాలకు బయల్దేరినట్టు. డిస్కంతా తుడిచేయమంటావా అని అడిగింది కంప్యూటర్. వీరుడిలా సరేనన్నాను.

ఆదివారం శాస్త్రిగారొచ్చారు. ఫైలు తెరిస్తే తెర నిండా డాలర్లు, డబ్బాలు, ప్రశ్నార్థకాలు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"అచ్ఛా... ఇది నా సీసపద్యమేనా?"

"అవునండీ, కొంచెం తేడాగా..."

"కొంచెమా? గణాల మాట దేవుడెరుగు, అక్షరాలే లేవు కదయ్యా!"

పాత సిస్టమ్ మళ్లీ ఎక్కించి శాస్త్రిగారి ఫాంటు ఫ్లాపీ పెట్టాను. అది గరగరలాడి ప్రాణం విడిచింది. ఇంకోటి హైదరాబాదు నుంచి రావడానికి పది రోజులన్నారు. శాస్త్రిగారు చేతిరాత కాగితాలన్నీ సంచిలో వేసుకున్నారు.

"ప్రెస్సువాళ్లతోనే టైపు చేయిస్తాలే. నీ కథ కాగితం ఏదమ్మా?"

"లేదంకుల్" అంది సుజాత. "రేపటికి మళ్లీ రాయడం నా వల్ల కాదు."

తిట్టినా బాగుండేది. వెళ్లి టీ పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. భూమి చీలితే బాగుండనుకున్నాను. మూడో అంతస్తు కదా, చీలినా కింది ఫ్లాటు వాళ్ల సోఫాలో పడతాను.

సంచిక ఆ కథ లేకుండానే వచ్చింది. మరుసటి వారం ఫాంటు వచ్చింది. సుజాత బజారుకెళ్లినప్పుడు ఫైలు తెరిచాను. డాలర్లన్నీ చక్కగా తెలుగయ్యాయి. కథ పేరు కింద ఒక వాక్యం ఉంది:

"కంప్యూటర్ నేర్పి, నా చేత ఈ కథ రాయించిన మావారికి."

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మా ఇంట ఆపరేటింగ్ సిస్టమ్ కాదు కదా, మిక్సీ మూత కూడా సుజాతనడగకుండా మార్చను.