పేరు తీసి పంపిన పుస్తకాలు

మా అమ్మాయి పోయిన పదమూడో రోజున దాని గౌన్లు, జడకుచ్చులు, చెప్పులు అన్నీ మా అత్తగారు మూట కట్టించి ఏట్లో వదిలేయించారు. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఆవిడే ఆగారు. "సదువు నీటిలో కలపకూడదు" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని పుస్తకాలు నేను దాచేసుకున్నాను. అరవై రెండు కథల పుస్తకాలు. రేకు పెట్టెలో పెట్టి, ఏటా దసరాకి తీసి, ఎండ చూపించి, దులిపి, ఎండిన వేపాకు పారేసి కొత్తది వేసి, మళ్ళీ మూత పెట్టేదాన్ని.

దానికి పదేళ్ళు నిండలేదు. మెదడువాపు జ్వరం. నర్సీపట్నం నుంచి విశాఖ తీసుకెళ్తుంటే జీపులోనే నన్ను గుర్తుపట్టడం మానేసింది. దీని గురించి ఇంతకంటే రాయను.

నేను సహకార సంఘం ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. జీతం అందిన రోజున బస్సు స్టాండు దగ్గర కొట్లో దానికొక పుస్తకం కొనేదాన్ని. ఇంటికి రాగానే మొదటి కాయితం మీద పెన్నుతో దాని పేరు, కొన్న తారీఖు, వెల రాసేదాన్ని. "పుస్తకం కొన్నావా, రసీదు కొన్నావా?" అని మావారు నవ్వేవారు. అది మాత్రం నా వెనకే నిలబడి, సిరా ఆరేదాకా ఊదేది.

అది పోయిన మరుసటి ఏడాది మా వీధిలో ఒక పిల్ల వచ్చి కథల పుస్తకం అడిగింది. రెండిచ్చాను. సాయంత్రానికి వాళ్ళమ్మ వాటిని న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి మా అరుగు మీద పెట్టింది. "ఏటీ అనుకోకండి. పిల్లకి ఒళ్ళు కాస్త ఎచ్చగా ఉంది" అంది. నాకు కోపం రాలేదు. పోయిన పిల్ల వస్తువు ఇంకో పిల్ల చేతికివ్వడం మా వైపు లేదు. ఎవరూ నేర్పరు, ఎవరూ మీరరు. ఆవిడ చోట నేనున్నా అదే చేసేదాన్ని. ఆ తరవాత ఎవరికీ ఇవ్వలేదు. పిల్లల పుస్తకాలు నలభై ఏళ్ళుగా ఒక్క పిల్ల చెయ్యి తగలకుండా ఉండిపోయాయి. నా తరవాత అవి చెత్తబండి ఎక్కుతాయి. అప్పటికి నాకున్న దిగులల్లా అదొక్కటే.

మొన్న చలికాలంలో మా ఎదురింటావిడ గుమ్మంలోంచే కేకేసింది.

"పిన్నిగారూ, బేగి రండి! మలేషియా నుంచి మా ఒదినొచ్చింది. ఈవిడ మాటాడుతుంటే మా ముసలమ్మ లేచొచ్చినట్టుంది."

ఆ వచ్చినావిడకి యాభై పైనే ఉంటాయి. ముత్తాత గొలుగొండ వైపు పల్లె నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కాడట. ఊరు వెతుక్కుంటూ వచ్చి, చివరికి ఎదురింటివాళ్ళతో చుట్టరికం తేల్చుకుంది. అక్కడ ఒక బడిలో తెలుగు చెబుతుంది. మా ఊరి పిల్లలు మరిచిపోయిన మాటలు ఆవిడ నోట గింజల్లా రాలేవి.

"బళ్ళో బీరువా ఉందమ్మా, గాజు తలుపులది. దాన్నిండా ఎక్కాల పుస్తకాలు, పలకలూ. అ ఆలు నేర్పీసినాక సదువుకోడానికి కత పుస్తకం ఒక్కటీ నేదు. పిల్లలు అచ్చరాలు నేర్సుకుని ఏటి సేత్తారు, సెప్పండి?"

"గోడల మీద రాత్తారు" అంది ఎదురింటావిడ. "మా వోళ్ళు అదే సేసినారు."

మర్నాడు వాళ్ళిద్దరినీ ఇంటికి పిలిచాను. పెట్టె తెరిచాను. మలేషియా ఆవిడ చాప మీద కూచుని ఒక పుస్తకం తీసి, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ, చిన్నపిల్లలా పైకి చదివింది. తాబేలు కథ. కాఫీ చల్లారిపోయింది. ఇంకోటి తీసింది. మూడోది తీస్తూ అడిగింది, "ఇవి ఎవరివమ్మా, ఇంత సుబ్బరంగా ఉన్నాయి?"

నావే అనొచ్చు. ఆ ఊరు ఎక్కడ, ఈ ఊరు ఎక్కడ? ఎవరికి తెలుస్తుంది? కానీ లెక్కల్లో ఒక్క అంకె మార్చనిదాన్ని, ఇంకో తల్లి బిడ్డ చేతికి అందే వస్తువు విషయంలో ఎలా అబద్ధమాడతాను? చెప్పాను. ఎదురింటావిడ గోడకేసి చూస్తూ కూచుంది. మలేషియా ఆవిడ పుస్తకం మూసింది. మూసింది కానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"మా కాడా అంతేనమ్మా" అంది. "మీరిక్కడ మర్సిపోయినవి కూడా మేం అక్కడ మర్సిపోనేదు. ముందు కాయితం మీద పేరుంది. తల్లులు సూత్తారు. ఈ పిల్ల ఎవరు, ఇప్పుడెక్కడుందని నన్ను అడుగుతారు. నాను ఏటి సెప్పాలి?"

"పేరు లేకపోతే?"

ఆ మాట నేనే అన్నాను.

ఆవిడ పుస్తకం మళ్ళీ తెరిచి మొదటి కాయితం చూసింది. "పేరు నేకపోతే అది ఉట్టి పుస్తకమే కదమ్మా. అయితే ఎక్కడా ఉండకూడదు. ఒక్కటి కనబడినా అన్నీ ఎనక్కి తెచ్చి నా మొకాన పెడతారు."

ఎక్కడా ఉండదని మాటిచ్చాను.

మొదటి కాయితాలు బ్లేడుతో కోశాను. నా చేతిరాతే కదా అనుకుంటూ కోశాను. అరవై రెండూ అయ్యాక పని పూర్తయిందనుకుని తాబేలు పుస్తకం తిరగేశాను. నాలుగో పేజీ అడుగున పెన్సిలుతో, సన్నగా: "నా పేరు కావాలంటే పదిహేడో పేజీ చూడు."

బడి పిల్లలందరూ ఆడే ఆటే. పుస్తకం పోతే తమదని చూపించుకోడానికి లోపలెక్కడో పేరు దాస్తారు. అక్కడికి సూటిగా పోనివ్వకుండా తిప్పుతారు. మా అమ్మాయీ ఆడిందని నాకు తెలీదు. ఏటా దులిపాను, ఎండబెట్టాను. ఒక్కటీ తెరిచి చదవలేదు.

పదిహేడుకి వెళ్ళాను. "ఇక్కడ లేదు. నలభైకి పో." నలభైలో, "అంత తొందరేంటి? వెనక్కి తొమ్మిదికి రా." తొమ్మిదిలో, "అమ్మవైతే ఇక్కడే ఆగిపో. నువ్వు తిడతావు. వేరే వాళ్ళయితే యాభై రెండు."

ఆగలేదు. యాభై రెండులో ఏనుగు బొమ్మ కింద దాని పేరు, ఇంటిపేరు, తరగతి, మా వీధి, నర్సీపట్నం, ఇండియా, భూగోళం అని వరసగా ఉన్నాయి.

ఆ పేజీ కొయ్యడానికి లేదు. వెనకవైపు కథ ఉంది. రబ్బరు తెచ్చాను. కథల పుస్తకంలో పెన్ను పెడితే ఊరుకోనని రూలు పెట్టింది నేనే. అది భయపడి పెన్సిలుతో రాసింది. ఆ రోజుల్లో నా మాట వినకపోయి ఉంటే ఇవాళ చెరపడానికి ఉండేది కాదు. గట్టిగా నొక్కి రాయమని రోజూ పోరేదాన్ని. అదీ వినలేదు. దాని రాత ఎప్పుడూ గాలికి రాసినట్టుండేది. రబ్బరు రెండుసార్లు ఆడించేసరికి పోయింది.

అన్ని పుస్తకాల్లోనూ ఉంది. ప్రతిదాంట్లో దారి వేరు. కొన్నిట్లో ముందుకి, కొన్నిట్లో వెనక్కి, ఒకదాంట్లో చివరి అట్టదాకా తీసుకెళ్ళి, "అలిసిపోయావా? నీళ్ళు తాగి మళ్ళీ రా" అని రాసింది. నేను నిజంగానే లేచి నీళ్ళు తాగాను. మళ్ళీ వచ్చి కూచుని, అది పొమ్మన్న చోటికల్లా పోయి, దొరికిన చోటల్లా దాని పేరు చెరిపాను.

మధ్యలో ఎదురింటావిడ వచ్చింది. కాసేపు నిలబడి చూసి, పక్కన కూలబడింది.

"ఒక్కదాంట్లో ఉంచెయ్యండి పిన్నిగారూ. ఎవుడు సూడొచ్చాడు?"

"మాటిచ్చాను."

"మీ మాట తగలెయ్య! ఇలా ఇవ్వండి రబ్బరు. అలా రుద్దితే కాయితం సిరిగిపోద్ది." లాక్కుని, కొన్ని ఆవిడే చెరిపింది. చెరిపే ముందు ప్రతిసారీ ఆ పేరు పైకి చదివింది. మా ఇంట్లో ఆ పేరు ఎవరైనా పలికి చాలా ఏళ్ళయింది. వద్దని నేనన్లేదు.

దారి చూపించే మాటలు మాత్రం చెరపలేదు. వాటిలో పేరు లేదు. నేను మాటిచ్చింది పేరు గురించే. అన్నీ అయ్యాక మొదటి నుంచి రెండుసార్లు సరిచూశాను. వేపాకులు దులిపేశాను. ఎదురింట్లో జీడిపిక్కలు తూచే కాటా మీద పుస్తకాలు తూచాం. విమానంలో పట్టుకెళ్ళనిచ్చే బరువుకి మించిపోయాయి. మలేషియా ఆవిడ తన పెట్టెలో సర్దుకున్న పచ్చడి సీసాలు, కొన్న చీరలు తీసి పక్కన పెట్టేసింది. "కోకలు అక్కడా దొరుకుతాయి" అంది. ఎదురింటావిడ ఆ చీరలు చూసి, "పోనీలే, నాకొచ్చిందే లాభం" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఎండాకాలంలో ఎదురింటావిడ ఫోనుకి వీడియో వచ్చింది. గాజు బీరువా, నేల మీద పిల్లలు. రెండు జడల పిల్ల ఒళ్ళో తాబేలు పుస్తకం. చుట్టూ మిగతావాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "పదిహేడు!" అని అరిచారు. గబగబా తిప్పారు. "నలబై!" నవ్వులు. తొమ్మిదిలో ఆ పిల్ల చదువుతూ ఆగితే "నువ్వు అమ్మవి కావు, పద పద" అని పక్కవాడు తోశాడు. యాభై రెండు దగ్గర అందరూ ఆగారు. ఏనుగు బొమ్మ కింద తెల్లగా ఉంది. ఆ పిల్ల పుస్తకం ఎత్తి కిటికీ వెలుతురుకి అడ్డంగా పెట్టి చూసింది. అక్కడితో వీడియో అయిపోయింది.

వెంటనే మలేషియా ఆవిడే ఫోను చేసింది.

"పేరేదని నా పేణం తీత్తన్నారమ్మా. సెప్పీమంటారా? తల్లులకి నాను సర్దిసెప్పుకుంటాను. మీరు ఊఁ అనండి, సాలు."

నోరు తెరిచాను. పేరు నాలుక మీదే ఉంది. చెప్తే ఆ పిల్లలు ఒకసారి గట్టిగా అంటారు, అంతమంది ఒక్కసారి. ఆ తరవాత, "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది టీచర్?" అంటారు. ఆ రాత్రి ఎవరో ఒకరికి ఒళ్ళు వెచ్చబడక మానదు, పిల్లలన్నాక. మర్నాడు న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి ఆవిడ బల్ల మీద ఉంటుంది. ఆ పొట్లం నేను ఒకసారి విప్పాను. ఇంకోసారి విప్పలేను.

"వద్దండీ" అన్నాను.

"మరి ఏటి సెప్పను? ఈ పుస్తకంలో నేకపోతే ఇంకోదాంట్లో ఉంటదని బీరువా అంతా కిందకి దించీసినారు. అన్నీ సదివేత్తన్నారు."

"వెతకనివ్వండి."

ఫోను పెట్టేశాక ఎదురింటావిడ నా పక్కన చేరింది. మెల్లిగా అడిగింది.

"ఎక్కడో ఒక్కటైనా మిగిలిపోయుంటది కదా, పిన్నిగారూ? అన్ని పుస్తకాలు... మన కళ్ళు కూడా ముసిలివైపోయినాయి."

మిగల్లేదు. నేను రెండుసార్లు సరిచూశాను.