ఒంటిపూట ఇంజన్లు

తూకమయ్య మీద మోపిన నేరం, పని మరీ బాగా చేయడం.

షెడ్డులో అందరూ చూస్తుండగా ఖర్చులు చూసే మేనేజరు ఆయన బల్ల ముందు నిలబడ్డాడు. బల్ల మీదున్న ఇరుసును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ఇరుసుకు ఒక కొసన గాలిని లోపలికి లాగే చక్రం, రెండో కొసన మంట ఊపుకు తిరిగే చక్రం. మొత్తం చంకలో పట్టేంత ఉంటుంది. ఏ పక్కన పిసరంత బరువు ఎక్కువైనా ఇంజను వణుకుతుంది. ఆ పిసరు ఎక్కడుందో కనిపెట్టి అరగదీయడమే తూకమయ్య పని. బల్లకున్న గడియారంలో ముల్లు పచ్చగీతలోకి వస్తే తూకం సరిపోయినట్టు. ఆ పేరు అలా వచ్చిందే.

"ముల్లు పచ్చలోకి వచ్చాక కూడా అరగదీస్తున్నావంట?"

"వచ్చింది గానీ సార్, అంచులోనే ఊగుతోంది."

"ఊగనీవయ్యా. ఇదేమన్నా మీ ఇంట్లో ఫ్యానా, పదికాలాలు తిరగడానికి? ఎగిరిందంటే మళ్ళీ రాదు. నువ్వొకటి చేసేలోపు పక్కవాడు మూడు చేస్తున్నాడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పూటే ఆయన్ని పెట్టెల షెడ్డుకు పంపేశారు. ఇంజన్లను సర్ది పంపే చెక్కపెట్టెలకు మేకులు కొట్టే పని.

ఆయన బావమరిది అదే ఫ్యాక్టరీలో, ఇంజన్లను నడిపి చూసే గదిలో పనిచేసేవాడు. ఈ సంగతి విని అతను మండిపడ్డాడు. ఒకప్పుడు ఆ షెడ్డులో చిన్న విమానాల ఇంజన్లు తయారయ్యేవి. ఏళ్ళు గడిచాక అవి మరమ్మతుకు తిరిగొస్తే తూకమయ్య మూత విప్పి, "ఇది నా చేతిదే" అని సెలవులకొచ్చిన పిల్లను చూసినట్టు చూసుకునేవాడు. తర్వాత క్రూయిజ్ క్షిపణుల ఇంజన్లు వచ్చాయి. వాటికి మరమ్మతన్న మాటే లేదు.

పాత పుస్తకాల కొట్లో దొరికిందల్లా చదివే బావమరిదికి వాటి కిటుకు తెలుసు. విడిగా నూనె ట్యాంకు ఉండదు. కాలే ఇంధనంలోంచే కొంచెం బేరింగులను తడిపి, అటునుంచి మంటలో కలిసిపోతుంది. చక్రాన్నీ దాని రెక్కలనూ కలిపి ఒకే ముద్దగా పోత పోస్తారు. ఒక రెక్క పాడైతే మార్చడం కుదరదు, మార్చాల్సిన అవసరమూ రాదు. ఇంజనులో ఖరీదైన సంగతి మన్నిక. దాన్ని తీసేస్తే ధర దానంతటదే దిగుతుంది. కొనేవాళ్ళకు మంచిది ఒకటి అక్కర్లేదు, చవకవి గుట్టలుగా కావాలి. అవి ఎక్కడికెళ్ళి ఎవరి నెత్తిన పడతాయో క్యాంటీనులో ఎవరూ మాట్లాడుకోరు. ఒంటిపూట ఇంజన్లని పేరు పెట్టి నవ్వుకుంటారు, అంతే.

తూకమయ్య చెయ్యి పడని ఇరుసులు వణుకుతాయని, మేనేజరు దిగొచ్చి ఆయన్ని బతిమాలుకుంటాడని బావమరిది కాచుకు కూర్చున్నాడు. మందపాటి అద్దం ఇవతల, చెవులు మూసుకుని, వణుకు చూపే గడియారం మీదే కళ్ళు పెట్టాడు. ఆఖరిదాకా నడిపి చూడ్డానికి విడిగా తీసిన వాటిలో మొదటి ఇంజను కాస్త గరగరలాడింది. నడవాల్సినంతసేపు నడిచి, చావాల్సినప్పుడు చచ్చింది. తర్వాతదీ అంతే. మేనేజరు చెప్పిందే నిజమని తేలింది. అది మింగుడుపడక అతనికి ఇంట్లో కుదురు లేదు, పనిలో కుదురు లేదు. ఎవరు పలకరించినా కసురుకునేవాడు.

ఇంతలో ఆర్డర్లు పెరిగాయి, తూకం బల్లల దగ్గర చేతులు చాలలేదు. తూకమయ్యను మళ్ళీ తీసుకోమని బావమరిది ఫోర్‌మన్ వెంటపడ్డాడు.

"రమ్మను. కానీ ముల్లు పచ్చలోకి రాగానే చెయ్యి తీసెయ్యాలి. మళ్ళీ పాత కథ మొదలెడితే ఈసారి పెట్టెల షెడ్డు కాదు, గేటే," అన్నాడు ఫోర్‌మన్.

మొదటిరోజు పొద్దున బావమరిది వెళ్ళి వెనకే నిలబడ్డాడు. ముల్లు వణుకుతూ పచ్చ అంచు దాటింది. తూకమయ్య చేతిలోని గ్రైండరు ఇంకా చక్రం మీదే ఉంది.

"బావా, చాలు."

"కనపడుతోందిలేరా."

చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి, పక్కకు జరిగింది. మధ్యాహ్నానికి ఆయన పక్కవాడిని మించిపోయాడు.

"నీ వల్ల కాదనుకున్నావు. చూశావా బావా?"

"చూశాను," అన్నాడు తూకమయ్య. నవ్వలేదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం బావమరిది అక్కావాళ్ళింటికి వెళ్ళాడు. వాకిట్లో మేనకోడలి సైకిలు తలకిందులుగా పెట్టి ఉంది. వెనక చక్రం వంకర తిరుగుతూ బ్రేకుకు రాసుకుంటోంది. తూకమయ్య పుల్లలు నాలుగు బిగించి చక్రం తిప్పాడు. వంకర తగ్గింది గానీ పోలేదు.

"చాల్లే, పో."

పిల్ల వీధి చివరిదాకా తొక్కి తిరిగొచ్చింది. "ఇంకా రాసుకుంటోంది నాన్నా."

అక్క గుమ్మంలోకి వచ్చింది. "ఏంటండీ మీరు? తలుపు గడియ కిర్రుమన్నా నిద్రపోయేవారు కాదు. పిల్ల ఎక్కే బండిని చాల్లే అంటారా?"

"బావకి ఒంటిపూట జబ్బు పట్టుకుందక్కా," అని బావమరిది తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. తూకమయ్య తన కుడిచేతిని, ఎవరిదో అన్నట్టు, చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు తూకం బల్ల దగ్గర ఆయన లేడు. బావమరిది వెతుక్కుంటూ పెట్టెల షెడ్డుకు పోయాడు. వేరే ఊళ్ళో పని దొరికి అతను తర్వాత ఆ వారంలోనే ఫ్యాక్టరీ వదిలేశాడు. అక్కడ వాళ్ళిద్దరూ ఎదురుపడ్డది అదే ఆఖరు. తూకమయ్య నోట్లో మేకులు పెట్టుకుని ఒక పెట్టె మూల బిగిస్తున్నాడు.

"మళ్ళీ గెంటేశారా?"

ఆయన తల అడ్డంగా ఊపి, మేకులు అరచేతిలోకి తీసుకున్నాడు. "నేనే అడిగి వచ్చాను."

"నీకేమన్నా మతిపోయిందా? నీకోసం ఎంతమంది గడ్డాలు పట్టుకున్నానో తెలుసా? ఆపమన్నారు, ఆపావు. ఇంకేంటి నీ బాధ?"

"చెయ్యి ఆగిందిరా. అంత తేలిగ్గా ఆగుతుందనుకోలేదు. అక్కడ ఆగింది సరే, ఇంటికొచ్చి సైకిలు దగ్గర కూడా ఆగింది." మళ్ళీ సుత్తి అందుకున్నాడు. "రాత్రి ఆ చక్రం విప్పి మొదట్నుంచీ బిగించాను. పిల్ల దాని మీద వెళ్ళి, సాయంత్రం తిరిగి రావాలి కదరా."