వరలు దింపిన చోటు

తొంభైల చివర్లో ఒక వేసవి. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసేసి, గవర్నర్‌పేటలో మా ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్నాను. వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి మేడమీదకి. "నీ ఒంట్లో చక్రాలేమైనా ఉన్నాయా?" అని అమ్మ విసుక్కునేది. అందుకే మా చర్చి యూత్ పదిమంది సముద్రం ఒడ్డున ఒక జాలరి పాలేనికి వారం రోజుల సేవకు వెళ్తున్నారనగానే అందరికంటే ముందు పేరిచ్చాను.

మా యూత్ లీడరు బ్యాంకులో గుమాస్తా. అందరం అన్నయ్యా అనేవాళ్ళం. పాలెంలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టాలన్నది మా చర్చిలో కూర్చుని మేము చేసుకున్న తీర్మానం. చల్లపల్లిలో బస్సు దిగి, సిమెంటు వరలు, ఇటుకలు ట్రాక్టరుకెత్తి, వాటి మీదే కూర్చుని కరకట్ట వెంట ఊగుతూ చేరుకున్నాం.

"ఆడవాళ్ళ సంగతి కదమ్మా, చోటు నువ్వే చూడు" అన్నాడు అన్నయ్య.

పావుగంటలో చూసేశాను. ఇళ్ళ వెనక, ఉప్పుటేరు వైపు, చదునైన నేల. తుప్పలు కూడా లేవు. మధ్యాహ్నానికల్లా మగపిల్లలు గడ్డపారలు దించారు.

ఆడపిల్లలకు బస ఇచ్చినావిడ ఎండుచేపల వ్యాపారం చేసే మామ్మగారు. ఆ సాయంత్రం చేపలు తిరగేస్తూ నన్ను పిలిచింది.

"అమ్మాయ్, అక్కడెందుకే తవ్వుతున్నారు?"

"మీకోసమేనండీ. ఎల్లుండికల్లా వరలు దింపేస్తాం."

"పున్నమికి పోటెక్కితే నీళ్ళు అక్కడిదాకా వస్తాయే."

తిరిగి చూశాను. నేల ఎండి నెర్రెలు విచ్చి ఉంది. ఏరు ఎక్కడో దూరంగా, సన్నగా మెరుస్తోంది. పైగా గొయ్యి సగం అయిపోయింది. "సరేనండీ" అన్నాను. అన్నయ్యకు మాత్రం చెప్పలేదు. చెబితే పని ఆగిపోతుంది. పని ఆగితే నా చేతులు ఏం చెయ్యాలి?

చెప్పకపోతే మాత్రం మనసు ఊరుకుంటుందా! మర్నాటి నుంచి మామ్మగారి ముందు నిలవలేకపోయాను. ఆవిడ అన్నం పెడుతుంటే గబగబా తిని లేచేదాన్ని. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఏరే కనిపించేది. చెప్పేద్దామని రెండుసార్లు అన్నయ్య దగ్గరకు వెళ్ళి, రెండుసార్లూ ఇటుకలు అందించి వచ్చేశాను. మూడోనాటికి వరలు దిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను.

పౌర్ణమి నాడు పొద్దున్నే పాటలు పాడుతున్నాం. పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారు. వెళ్ళి చూస్తే నీళ్ళు ఏ చప్పుడూ లేకుండా ఏటి ఒడ్డు తుప్పల మధ్య నుంచి పాక్కుంటూ వచ్చి, గొయ్యిని నింపి, మా ఇటుకల చుట్టూ తిరుగుతున్నాయి. పై వర ఒక పక్కకు ఒరిగిపోయింది. అన్నయ్య ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలో నిలబడ్డాడు.

"మామ్మగారు నాకు ముందే చెప్పారన్నయ్యా" అన్నాను.

"ఎప్పుడు?"

"తవ్విన రోజే."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పని ఆగిపోతుందని."

కోప్పడతాడనుకున్నాను. నీళ్ళలోంచి గట్టెక్కి, "పద, ఆవిడ దగ్గరకి" అన్నాడంతే. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మామ్మగారు మమ్మల్ని చూసి పీటలు వేసింది. అన్నయ్య నిలబడే చేతులు జోడించాడు. "తప్పు మాదేనండీ. కానీ ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, ఇంకెవరూ ఒక్క మాట అనలేదే?"

"అందరికీ తెలుసు బాబూ. మీరు దేవుడి పనిమీద వచ్చారు, ఎదురు చెప్పకూడదని ఊరుకున్నారు. నాకు మనసొప్పక ఈ పిల్లతో అన్నాను. వినబడలేదేమో అనుకున్నాను."

వినబడిందండీ అని చెప్పాను. ఆవిడ నావైపు చూసి తల ఊపింది.

"అయితే ఎక్కడ కట్టమంటారు?" అన్నాడు అన్నయ్య. కట్టే పని గురించి పాలెంలో మేము అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆవిడ ఇంకో నలుగురు ఆడవాళ్ళను పిలిచింది. వాళ్ళలో వాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి చేపలు ఆరబెట్టే మెరక వెనక చోటు చూపించారు. తలుపు ఏరువైపు వద్దన్నారు, మగాళ్ళు పడవలు దిగేది అటేనట. గొళ్ళెం లోపల మాత్రం తప్పక ఉండాలన్నారు. మా ప్లానులో తలుపు సరిగ్గా ఏరువైపే ఉంది.

పోటు నీరు తగ్గాక వరలు పైకి లాగడానికి జాలర్లు వలతాళ్ళు తెచ్చారు. వాళ్ళు వల లాగే పాట పదం అందుకుని లాగుతుంటే మా వాళ్ళు ఎప్పుడు బలం పట్టాలో తెలియక ముందే లాగి అరిచేతులు గీరుకున్నారు. "ఆగండి బాబూ, మాట పడ్డాక లాగండి" అని నేర్పారు. కొత్త గొయ్యి తవ్వి వరలు దింపి, గోడలు నడుము ఎత్తు లేచేసరికి మా వారం అయిపోయింది. మిగతాది పాలెం వాళ్ళే తాటాకు దడితో పూర్తిచేశారని తర్వాత కబురొచ్చింది. ఆ సెలవుల్లో నన్ను మళ్ళీ పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ నెలంతా మేడమెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో.

చర్చిలో రిపోర్టు చెప్పమంటే జరిగింది జరిగినట్టే చెప్పాను. ఒక పెద్దాయన లేచి, "మనం వెళ్ళింది సేవ చెయ్యడానికా, పాఠాలు చెప్పించుకోవడానికా?" అన్నారు. అన్నయ్య మాత్రం మరుసటి వేసవికి ఒక షరతు పెట్టాడు. మొదటి మూడు రోజులు పార ముట్టకూడదు, ఎవరింట్లో ఉంటే వాళ్ళ పనిలోకి వెళ్ళాలి.

మరుసటి వేసవి మళ్ళీ అదే పాలెంలో, ఆ మూడు రోజులూ నాకు నరకమే. మామ్మగారి పక్కన చేపలు ఏరడానికి కూర్చుని గంటకు నాలుగుసార్లు లేచాను.

"కూర్చోవే. చేపలెక్కడికీ లేచిపోవు."

మూడోనాడు అడిగాం, ఏం కావాలని. కట్టేదేమీ లేదన్నారు. మంచినీళ్ళ బోరు ఉప్పెక్కిపోయింది, కొత్త బోరుకు అర్జీ పట్టుకుని బందరు ఆఫీసుకు తోడు రమ్మన్నారు. మామ్మగారితో నేనే వెళ్ళాను. ఆఫీసు వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రందాకా బల్లమీద కూర్చున్నాం. రేపు రమ్మన్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఆ ఏడాది బోరు పడలేదు. పై ఏడాది, మేము వెళ్ళే ముందే పడింది. నీళ్ళు పూర్తిగా తియ్యన కావు కానీ, అన్నం ఉడుకుతుందని మామ్మగారు చెంబు నిండా ముంచి నా చేతికిచ్చింది.