కాచిన నీళ్లు

నల్లమల అంచున, అడివి ఖాళీ చేయించి ఏళ్ల కింద కట్టిన చెంచుగూడెంలో, బోరు నీళ్లు తాగి తాగి ఈదమ్మ కాళ్లు విల్లులా వంగిపోయాయి. గోడ పట్టుకుని, మోకాళ్లను నాలుగు తిట్లు తిట్టిగానీ పైకి లేవదు. కడుపుతో ఉన్న కోడలికి ఆ గతి పట్టకూడదని, ఆ నీళ్లను వేరుమందు కషాయంలా సగానికి ఇగిరేదాకా కాచి తాగిస్తుంది. ఆ పొద్దు ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సమ్మ పొయ్యి మీది దబరలోకి తొంగి చూసింది.

“ఏందవ్వా ఇది? కాస్తే ఫ్లోరైడు పోదు, ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాది.”

“మరి యాడివి తాగాల తల్లీ? అడివిలో మా చెలమకాడికి నీళ్లకు పోతే, పులి తిరుగుతాందని ఫారెస్టోళ్లు తరుముతాండారు. ఆ పులి కాళ్లు సక్కంగానే ఉండాయిలే.”

నర్సమ్మ సంచీ సర్దుకుని పోయింది. కోడలు దాహమంది. ఈదమ్మ దబర నీళ్లు వాకిట్లో పారబోసి, ఆ బోరు నీళ్లే కాచకుండా లోటాతో అందించింది. కోడలు తాగినంతసేపూ ఈదమ్మ ఆ పిల్ల కాళ్ల వైపే చూసింది.