నేనేమీ చేయని వేసవి

మొన్న అన్నం తింటుండగా మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తి "అమ్మా, తావో అంటే ఏంటి?" అని అడిగింది. నవ్వొచ్చింది. ఆ మాటను నేను తప్పుగా నేర్చుకున్న వేసవి ఒకటుంది.

తొంభైల మధ్య మాట. బాన్సువాడలో మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్ చదివాను. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనే. ఫలితాలు పేపర్లో పడ్డ పొద్దున, కోటగిరి దగ్గరి మా ఊరి నుంచి నాయిన మొదటి బస్సుకే వచ్చాడు. తలకు చుట్టిన రుమాలుకు వరిపొట్టు అలాగే ఉంది. చదువు రానివాడు. "ఏడున్నదే నీ నంబరు, సూపియ్" అన్నాడు. నా నంబరు లేదు, లెక్కల్లో పోయింది. ఆయన చూపుడువేలు పట్టుకుని ఎవరిదో పక్క నంబరు మీద పెట్టాను. అంకెలు చెరిగిపోతాయేమో అన్నంత మెల్లగా దాన్ని తడిమాడు. సాయంత్రానికి ఊరంతా చక్కెర పంచాడట.

ఇక నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. అత్త ముఖం చూడలేక రోజూ లైబ్రరీలో కూర్చునేదాన్ని. అక్కడి ఫ్యాను తిరిగేది తక్కువ, మూలిగేది ఎక్కువ. లైబ్రరీ సారుది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న కుటుంబం. నా ఏడుపు ముఖం చూసి అట్ట ఊడిన పుస్తకమొకటి చేతిలో పెట్టాడు. ఎప్పుడో చైనాలో పుట్టిన తావో బోధల గురించి. నీరు ఎవరితోనూ పోట్లాడదని ఉంది అందులో. మాది కాలువ చివరి భూమి. నీళ్ల కోసం నాయిన పడ్డ తగాదాలు చూసినదాన్ని, ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ ఏమీ చేయకుండా ఉంటే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మాత్రం అర్థం చేసుకున్నాను. ఎంత హాయి! సప్లిమెంటరీకి దరఖాస్తు పెట్టలేదు. నాయినకు నిజం చెప్పలేదు. గడువు దాటాక సారుకు గొప్పగా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసేసి తల పట్టుకున్నాడు. "అమ్మాయ్, బలవంతం చేయొద్దన్నారు గానీ కదలొద్దన్నారా? నీళ్లెప్పుడైనా చేతులు ముడుచుకుని కూర్చున్నాయా?" అన్నాడు. అప్పుడు గానీ కాళ్ల కింద నేల కదల్లేదు.

ఆ వారమే నాయిన కొత్త రేకు పెట్టె కొనుక్కొచ్చాడు, నన్ను నిజామాబాద్‌లో డిగ్రీలో చేర్చడానికి. బస్టాండులో బస్సు వచ్చి ఆగింది. ఆయన పెట్టె ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"నాయినా, ఆ నంబరు నాది కాదు. నేను ఫెయిలైన."

పెట్టె దించి దాని మీదే కూలబడ్డాడు. బస్సు వెళ్లిపోయింది. చెంపదెబ్బ కోసం కళ్లు మూసుకుని నిలబడ్డాను.

"మీ అత్తకు ఎర్కేనా?"

"లేదు."

"గిన్ని దినాలు గిది నువ్వొక్కదానివే మోసినవా బిడ్డా?" అన్నాడు. రుమాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "ఇగ ఇంటికి పోదాం పా. ఊళ్లె నేను చెప్త."

చెప్పాడు కూడా, చక్కెర తిన్న ఒక్కొక్కరికీ. ఆ ఏడాదంతా పొద్దున ఆయనతో పొలం, మధ్యాహ్నం లెక్కలు. ఎలాగో గట్టెక్కాను. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా నాయిన గుండె ఆగి పోయాడు. నాకొక ఏడాది వృథా అయిందని ఊళ్లో అనేవారు. నిజానికి రోజూ ఆయన పక్కన నడిచింది ఆ ఒక్క ఏడాదే. తర్వాతి కాలమంతా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయింది గానీ, అది మాత్రం ఇప్పటికీ రోజు రోజుగా గుర్తుంది.