రెండు నాణేల సందు

నాకు నోటి దురద ఎక్కువ. ఆ దురదకు సౌదీలోని తబూక్‌లో ఒక పెద్దాయన కాలు విరిగింది. ఏ పాపం ఎరగని ఇంకొకతను నింద మోశాడు.

ఊరి బయట ఎడారిలో నూరేళ్లు పైబడిన పాత రైలు దారి ఉంది. రైళ్లు ఆగిపోయి ఎన్ని తరాలయిందో! అందులో చిన్న ముక్కను బాగుచేసి, చేత్తో తోసే ట్రాలీలో బడిపిల్లల్ని ఎక్కించాలని రిటైరైన సౌదీ మాస్టారొకరు పట్టుబట్టారు. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. శుక్రవారం పొద్దున్నే పదిమందిమి చేరేవాళ్లం. జీతం లేదు, బత్తెం లేదు, అయినా మానేవాళ్లం కాదు. నేను ఆసుపత్రి నర్సుని. పాకిస్తానీ మెకానిక్ ఒకతను దూరంగా గోధుమ పొలాల్లో మోటార్లు చూసుకునేవాడు. వారమంతా ఒంటరి బతుకు. నలుగురితో కూర్చుని చాయ్ తాగేది ఆ ఒక్క పూటే అని, గురువారం నుంచే బట్టలు ఉతికి పెట్టుకుంటానని తనే చెప్పాడు.

డిసెంబరులో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో, పట్టాలు బిగించే రోజు వచ్చింది. పట్టాకూ పట్టాకూ మధ్య ఎంత సందు వదలాలని ఉస్తాద్ అడిగారు. అడగడమే ఆలస్యం, నేను ముందుకు దూకాను. మా నాన్న తుని వైపు రైల్వే గ్యాంగ్‌మ్యాన్. నేను పుట్టింది పట్టాల పక్క క్వార్టర్స్‌లోనే. ఆయన రెండు రూపాయి నాణేలు కలిపి సందులో పెట్టి చూడడం నేను కళ్లారా చూశాను. అంతే వదలమన్నాను. ఉస్తాద్ మురిసిపోయి అవతలి చివరికి వెళ్లారు.

బోల్టులు బిగించాల్సిన మెకానిక్ మాత్రం కదల్లేదు. ఇంత చలిలో వేస్తున్నాం కదా బాజీ, ఎండలకు ఇనుము సాగుతుంది, ఇంకాస్త వదులుదామా అని ఉర్దూలో మెల్లగా అడిగాడు. అక్కా అనడానికి బాజీ అనేవాడు.

"నువ్వు మోటార్లు చూసుకో భాయ్. పట్టాల సంగతి నాకు చెప్పకు."

అంత మాట అనేశాను. అతను నవ్వేసి, నేను చెప్పినట్టే బిగించాడు.

జూన్‌లో ఒక శుక్రవారం, పిల్లలు రాకముందే ఒకసారి చూద్దామని ఉస్తాద్ ట్రాలీ తోశారు. ఎండకు సాగిన పట్టాలు చోటు చాలక ఒకచోట పక్కకు వంగిపోయి ఉన్నాయి. అక్కడ ట్రాలీ పట్టా తప్పి ఆయన కాలి మీద పడింది. నా స్కార్ఫు విప్పి కట్టు కడుతుండగా అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఏడాదంతా హాస్టల్లో ఉండేదాన్ని. నాన్న పని చూసింది వేసవి సెలవుల్లోనే. ఆ రెండు నాణేల సందు మే నెల ఎండకు అప్పటికే సాగిన పట్టాల మధ్యది. చలికాలంలో ఎంత వదిలేవాడో నేనెన్నడూ చూడలేదు. నా మొహానికి గ్యాంగ్‌మ్యాన్ కూతురినన్న గొప్పొకటి!

ఉస్తాద్‌ను మా వార్డులోనే చేర్చారు. ఆపరేషన్ తర్వాత కట్టు మార్చే పని నాదే. నాలుగో రోజు ఆయనే మాట ఎత్తారు. మెకానిక్ మంచివాడే కానీ బోల్టులు సరిగా బిగించలేదు, పిల్లలెక్కే బండి కదా, ఇక రావద్దని చెప్పేశాను అన్నారు. అతను సరే అన్నాడట, నా సందు మాట ఎత్తనే లేదట. నేను కట్టు మార్చి బయటికి వచ్చేశాను. నిజం చెబితే ఆయన కొడుకులు ఆసుపత్రిలో ఫిర్యాదు చేస్తారని, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యూ కాదని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు. గదిలో ప్రార్థనకు కూర్చుంటే ఒక్క మాట వచ్చేది కాదు. అడిగినవాడి నోరు నేనే మూయించి, వాడి శుక్రవారం కూడా లాక్కున్నానన్న బాధ కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఏడో రోజు చెప్పేశాను. వచ్చీ రాని అరబ్బీలో, నాణేల దగ్గర నుంచి నేను కసిరిన మాట దాకా, ఏదీ దాచలేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత తన ఫోన్ నుంచి ఒక నంబరు కలిపి నా చేతికిచ్చారు.

"నాకు కాదు, అతనికి చెప్పు."

అవతల మెకానిక్, ఉస్తాదే అనుకుని, కాలు ఎలా ఉందని ఆత్రంగా అడిగాడు. నేనని చెప్పాను. తప్పు నీ బోల్టులది కాదు భాయ్, నా సందుది, ఉస్తాద్‌కు అంతా చెప్పేశాను అన్నాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. అతను పక్కన నడుస్తున్న మోటారు ఆపేశాడు.

"అయితే బాజీ, శుక్రవారం నేను రావచ్చా?"

ఫోన్ ఉస్తాద్‌కు ఇచ్చేశాను. ఆయన అతన్ని క్షమించమని అడిగారు, తప్పకుండా రమ్మన్నారు. ఫోన్ పెట్టేసి, కట్టు మార్చడానికి వీలుగా కాలు నా వైపు జరిపారు.

నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.