డబ్బా చుట్టూ ఉండాల్సిన దారం

ఒక మనిషికి తన చెయ్యి మీద ఉన్న నమ్మకాన్ని నేను పోగొట్టాను. ఆరేళ్లయింది. ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆమెకూ తెలియదు. మొదట్లో ఇది గుర్తొస్తే కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. అన్నం తింటుంటే గుర్తొస్తుంది, తింటూనే ఉంటాను. అలా తినగలుగుతున్నానే అన్నదే ఈమధ్య నన్ను భయపెడుతోంది. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు.

ఆమె పేరు మార్చి రాస్తున్నాను. లచ్చవ్వ అనుకోండి.

మాది కరీంనగర్. ఇంటి నుంచే పిండివంటలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. గరిజెలు, మురుకులు కూడా ఉంటాయి గానీ, జనం వెతుక్కుంటూ వచ్చేది సకినాల కోసమే. మనవాళ్లు పుణెలో ఉన్నా బెంగళూరులో ఉన్నా సకినం మీద మనసు పోదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో పిండిని మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. కాస్త ఆరాక నూనెలో వేస్తారు. చెప్పడానికి ఇంతే. ఆ మెలిక మాత్రం నాకు ఇప్పటికీ రాదు. అమ్మేది నేను, చేసేది లచ్చవ్వ.

మా వెనక కాలనీలో ఉంటుంది. భర్త మరమగ్గాల మీద పనిచేసి పోయాడు, కొడుకూ ఆ మగ్గాల షెడ్డులోనే చేస్తున్నాడు. అప్పటికి ఆమెకు అరవై దాటి ఉంటాయి. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను పెద్దవ్వా అని పిలిచేదాన్ని. ఆమె చుట్టిన సకినం చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉంటుంది, కొరికితే కరకరమని పొడైపోతుంది. కాలనీలో ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా, సారెలో పెట్టే పెద్ద సకినం చుట్టడానికి ఆమెకే కబురు వెళ్లేది. చీర కొంగు బొడ్లో దోపుకుని, అందరి మధ్యా కూర్చుని, ఎవరి చుట్టు వంకరపోయిందో ఎవరి చుట్టు సన్నబడిందో చెప్పి ఏడిపించేది. ఆడవాళ్లు నవ్వుతూనే భయపడేవాళ్లు. ఆమెకు ఉన్న గొప్ప అది ఒక్కటే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు లేదు.

మొదటి పార్శిల్ పిండైపోయి చేరింది. ఎలా కట్టాలో మా ఇద్దరికీ తెలియదు మరి. ఉపాయం ఆమెదే. షెడ్డులో మగ్గాల కింద తెగిపడి మిగిలిపోయిన దారాన్ని కొడుకు చేత సంచి నిండా తెప్పించింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అన్నీ కలిసిపోయిన దారం. సకినాలు పేర్చిన డబ్బాకు మూత బిగించి, దాన్ని పెద్ద అట్టపెట్టెలో పెట్టి, కిందా పైనా నాలుగు పక్కలా ఆ దారం కూరేదాన్ని. ముందు ఆమె దాన్ని వేళ్లతో విదిలించి మెత్తగా చేసి ఇచ్చేది. రెండేళ్లు ఒక్క సకినం విరగలేదు. కొందరు ఆ రంగుల దారానికీ ఫోటోలు తీసి పంపేవాళ్లు. చూపిస్తే, దారానికి ఫోటో ఏంది అని నవ్వేది.

తర్వాత పంపే రేట్లు పెరిగాయి.

ఒకసారి పెరిగితే సర్దుకున్నాను. మళ్లీ పెరిగాయి. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు కొలుస్తారు. దాన్నిబట్టి ఒక బరువు కడతారు. ఏది ఎక్కువైతే దానికే చార్జీ. సకినాలు తేలిక, పెట్టె పెద్దది. అంటే నేను దారానికీ, దారం మధ్య గాలికీ కడుతున్నానన్నమాట. పోస్టాఫీసుకు వెళ్లి అడిగాను, అక్కడా పెరిగింది. బస్సు కార్గోలో చవకే గానీ, కొన్నవాళ్లు బస్టాండుకు వచ్చి తీసుకుపోవాలి. ఎవరొస్తారు? నాలుగైదు కొరియర్ల రేట్లు ఒకేచోట చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాను. అందులో ప్రతిసారీ చవకైనది చూస్తే కొలతల దగ్గర చిన్న పెట్టె అడిగేది. ఇటు కొనేవాళ్లు సకినాలు ఎంచుకుని, చివర్లో డెలివరీ చార్జీ చూసి వదిలేసి వెళ్లిపోతున్నారు. తినేదానికంటే తెప్పించుకునేదానికే ఎక్కువైతుందండీ అని ఒకావిడ రాసింది. తప్పేముంది, నిజమే రాసింది.

ఒక పొద్దున పెద్ద పెట్టెలు పక్కన పెట్టేశాను. డబ్బాకు సరిగ్గా పట్టే పలుచటి పెట్టెలు తెప్పించాను. దారానికి అందులో చోటు లేదు. చార్జీ ఒక మెట్టు దిగింది. ఆర్డర్లు మళ్లీ వచ్చాయి. లచ్చవ్వకు ఈ మాట చెప్పలేదు. కట్టే పని మా ఇంట్లోనే కాబట్టి ఆమె చూడలేదు. దారం సంచి పంపించినప్పుడల్లా తీసుకుని అల్మారా వెనక పెట్టేదాన్ని.

నెల తిరక్కుండానే ఫోటోలు రావడం మొదలైంది. ముక్కలు. కొన్నింటిలో ముక్కలు కూడా కాదు, నూక. మీరెప్పుడైనా ఆశపడి తెప్పించుకున్న డబ్బా విప్పి నూక చూసి ఉంటే, అది నా డబ్బానే కావచ్చు. డబ్బు వాపసు ఇచ్చాను. క్షమించమన్నాను. ఎందుకిలా అవుతోందని అడిగిన ప్రతివాళ్లకూ చూస్తామండీ అన్నాను. నాకు అప్పుడు తెలుసా? తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? దారం తీసేశాను, విరిగాయి. చిన్నపిల్లలకైనా అర్థమయ్యేదే. కానీ మనసు భలేది. రోజూ ఒక కొత్త కారణం చూపించేది. కొరియర్ వాళ్లు విసిరేస్తున్నారు అనేది. ఈసారి బియ్యం పాతవేమో అనేది. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ వెళ్లి, ఎదురు మాట్లాడని ఒకే ఒక్క చోట ఆగింది.

ఆమె ఇంటికే వెళ్లాను. ముందు గదిలో నువ్వులు చెరుగుతోంది. ఫోన్‌లో ఫోటోలు చూపించాను. దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గివి నేను జేసినయేనా?"

"నీవే పెద్దవ్వా."

"గిట్లెందుకైనయ్ బిడ్డా? బియ్యం గవే, నువ్వులు గవే. నేను మార్చిందేం లేదు."

నేను కొంచెం ఆగాను. ఆ ఆగడం ఇప్పటికీ గుర్తుంది. వెనక్కి రావడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

"నీ చెయ్యి జర తప్పుతుందేమో పెద్దవ్వా. మెలిక లూజైతుంది. వయసైతుంది గద."

చేతులకు అంటిన నువ్వులు దులుపుకుంది. అరచేతులు తిప్పి చూసుకుంది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నాకు తెల్వకుంటనే పోయిందా చెయ్యి," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "బిడ్డా, ఎవ్వలకు చెప్పకు. లచ్చవ్వ చెయ్యి పోయిందని తెలిస్తే కాలనీల నవ్వుతరు."

"చెప్ప పెద్దవ్వా."

చెప్పలేదు. నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

అక్కడితో వదిలేసినా బాగుండేది. ఆ నెలలో ఆమె మూడుసార్లు చేసి పంపింది. ఒక్కోసారి మెలిక ఇంకాస్త బిగించి, చుట్టు ఇంకాస్త లావు చేసి. మొదటిసారి పంపినవాటిలో ఒక డబ్బా పక్కన ఉంచి, మిగతావన్నీ అదే పలుచటి పెట్టెల్లో పంపాను. ఎందుకు? మారిస్తే ఒప్పుకున్నట్టు అవుతుంది కాబట్టి. విరిగాయి. మళ్లీ విరిగినయని వెళ్లి చెప్పాను కూడా. మూడోసారి చెప్పినప్పుడు ఆమే అంది, ఇంక వద్దు బిడ్డా, నా మూలంగ నీకు నష్టమెందుకు అని. ఆమె నన్ను ఓదారుస్తోంది. నేను తలూపి వచ్చేశాను.

ఇక అసలు సంగతి. ఇంతవరకు చెప్పింది తప్పే గానీ, నన్ను తినేది అది కాదు.

పక్కన ఉంచిన డబ్బా ఒకటి ఉందన్నాను కదా. దాన్ని పాత పద్ధతిలో కట్టాను. పెద్ద పెట్టె, చుట్టూ దారం. పుణెలో ఉన్న చెల్లెలికి, అదే కొరియర్‌లో పంపాను. విప్పకుండా తిరిగి పంపమన్నాను. పిచ్చి పట్టిందా అక్కా అంది, పంపింది. అంటే ఆ డబ్బా అంత దూరం వెళ్లి, అంత దూరం వెనక్కి వచ్చింది. వంటింట్లో కింద కూర్చుని విప్పాను. ఒక్కొక్కటీ తీసి పళ్లెంలో పెట్టాను. ఒక్కటి కూడా విరగలేదు. ఒక్క చుట్టు కూడా చిట్లలేదు.

అప్పుడు లేచి, ఆ పళ్లెం పట్టుకుని వెనక వీధిలోకి వెళ్లి ఉంటే సరిపోయేది. ఐదు నిమిషాల నడక. పెద్దవ్వా, నీ చెయ్యి మంచిగుంది అంటే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఎందుకు వెళ్లలేదని ఆరేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. సిగ్గా? ఉండొచ్చు. కానీ సిగ్గు కంటే చిన్నదేదో ఉంది. అప్పటికే వేరే ఊరి వాళ్లు అచ్చులతో చేసే సకినాలు మాట్లాడుకున్నాను. మందంగా ఉంటాయి, పళ్లు నొప్పి పుడతాయి, ఎంత పలుచటి పెట్టెలో వేసినా విరగవు. ఆమెకు నిజం చెబితే ఆమెను మళ్లీ పిలవాలి. పిలిస్తే పెద్ద పెట్టెలు రావాలి, పెద్ద పెట్టెలు వస్తే చార్జీ మళ్లీ ఎక్కాలి. నేను ఆలోచించింది అదే. పళ్లెం ముందు పెట్టుకుని పెట్టె కొలతల గురించి ఆలోచించాను.

ఆ సకినాలు వారం పాటు చాయతో తిన్నాను. బాగున్నాయి.

ఏడాదిన్నర తర్వాత ఆమె కూతురి కూతురికి మంచిర్యాలలో పెళ్లి కుదిరింది. నన్నూ పిలిచింది. సకినాలు చుట్టే రోజున ఆ కూతురి ఇంటికి వెళ్లాను. పెద్ద బట్ట పరిచి ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. లచ్చవ్వ దూరంగా గోడకు ఆనుకుని పేపర్లు మడతపెడుతోంది. పెళ్లిపిల్ల వచ్చి చెయ్యి పట్టి లాగింది. "అమ్మమ్మా, పెద్ద సకినం నువ్వే సుట్టాలె. నువ్వు సుట్టకుంటె నేను సారె తీస్కపోను."

"నాతోని గాదు బిడ్డా. మీరు సుట్టుండ్రి, నేను జూస్త."

పిల్ల మొహం చిన్నబోయింది. పెళ్లిపిల్ల నాన్న తరఫు ఆవిడ ఎవరో కూర్చుని చుట్టింది. రెండో చుట్టులోనే వంకర పోయింది. లచ్చవ్వకు కనబడింది. ఆమె కుడిచేతి వేళ్లు ఒళ్లో కాస్త కదిలాయి, బొటనవేలూ చూపుడువేలూ, పిండి మెలిపెడుతున్నట్టు. తర్వాత ఎడమచేత్తో వాటిని పట్టుకుంది. 

అప్పుడు నా వైపు చూసింది. కృతజ్ఞతగా. అంతమందిలో ఆమె గుట్టు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, బయటపెట్టకుండా కాపాడుతున్నదాన్ని. నేను తిరిగి నవ్వాను. ఈ కథలో మీకు ఏది చెప్పడానికైనా నాకు చెయ్యి ఆడింది గానీ, ఆ నవ్వు దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆమె ఉంది. మొన్న కూరగాయల దగ్గర కలిసింది. గిరాకి మంచిగున్నదా బిడ్డా అని అడిగింది. ఉంది పెద్దవ్వా అన్నాను. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంటే చూశాను, ఇప్పుడు వేళ్లు నిజంగానే వణుకుతున్నాయి. ఇక చెప్పినా ఆ చెయ్యి పిండి మీదికి పోదు. ఇన్నాళ్లు నేను ఎదురుచూసింది దీనికేనేమో అనిపించింది. అనిపించి కూడా ఏమీ కాలేదు. వంకాయలు తూయించుకుని వచ్చేశాను.

ఇంకొకటి కూడా దాచను. ఆమెకు చదువు రాదు. కాగితం మీద పెడుతున్నానంటే అది కూడా ఒక కారణమే. మీకు చెప్పడం సులువు. వెనక వీధికి వెళ్లడం కష్టం. మీరు క్షమించినా లెక్కలోకి రాదు. క్షమించాల్సిన మనిషికి క్షమించాల్సింది ఒకటుందనే తెలియదు.

పొద్దున అల్మారా జరిపాను. ఒక సంచి ఇంకా అక్కడే ఉంది. దుమ్ము పట్టింది గానీ దారం మెత్తగానే ఉంది, ఆమె విదిలించి పంపినదే. కాసేపు చెయ్యి అందులో పెట్టి కూర్చున్నాను. తర్వాత ఇది రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే ఆరేళ్లలో మొదటిసారి కొంచెం ఊపిరి ఆడింది. దానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. ఎవరి దగ్గరా ఒక్కసారి కూడా అనని మాట మిగిలింది, అది రాసి ఆపేస్తాను.

లచ్చవ్వ చెయ్యి పోలేదు. దారం నేను తీసేశాను.